మాటలు మోసే డబ్బా

రజని కండెలు చుడుతోంది. కుడిచేయి రాట్నం తిప్పుతుంటే, ఎడమచేతి వేళ్ల సందు నుంచి ఎర్రపట్టు దారం సాగి కండె మీద పేరుకుంటోంది. చూపు మాత్రం గోడ గడియారం మీద ఉంది. బుట్ట నిండేదాకా చుట్టి, అన్నం వండిపెట్టి, పొద్దున బస్సుకే వనపర్తి పోవాలి. అక్కడ ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు ఉద్యోగం ఉంది. పిల్లల ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే సోమవారం నుంచి రమ్మంటారు. సర్టిఫికెట్ల సంచి ముందురోజే తలుపు పక్క మేకుకు తగిలించి పెట్టుకుంది. బి.ఎడ్. పూర్తయిన తర్వాత ఆ సంచి గడప దాటడం ఇదే మొదలు.

అడ్డమల్లా ఒకటే. ఈ ఇంట్లో రజనికి అప్పటికే ఒక ఉద్యోగం ఉంది. దానికి సెలవు లేదు.

మామ బాలకిష్టయ్య ముందుగదిలో మగ్గం గుంతలో కూర్చుని గద్వాల చీరలు నేస్తాడు. అత్త యాదమ్మ వెనక వంటింట్లో ఉంటుంది. ఇద్దరి మధ్య రెండు గదులు, ఒక నడవ, మూడేళ్ల మౌనం. లింగాలలో యాదమ్మ తమ్ముడు చనిపోయాడని కబురు వచ్చిన రోజున బాలకిష్టయ్య మగ్గం ఆపలేదు. చావు కబురు చేరిన ఇంట్లో మగ్గం ఆగాలి. నేతగాళ్ల వీధిలో ఒకరు చెప్పవలసిన పని లేని మర్యాద అది. కానీ ఆ రోజు మగ్గం మీద పెళ్లిచీర ఉంది, తెల్లవారితే ముహూర్తం, కొంగులో ఇంకా జానెడు మిగిలింది. "జానెడే ఉంది, అయిపోంగనే వస్త" అన్నాడు ఆయన. వచ్చేసరికి లింగాలలో అంతా అయిపోయింది. అంతకుముందు యాదమ్మ ఆయన పక్కనే మగ్గం ముందరి పలక మీద కూర్చుని, కండెను మోసే నాడెతో అంచు నేసేది. ఆ రోజుతో అదీ మానేసింది, మాట్లాడటమూ మానేసింది. ఆమె మాట్లాడనప్పుడు తానెందుకు మాట్లాడాలని ఆయనా మానేశాడు.

మనుషులు మాట్లాడుకోవడం మానినా ఇంట్లో మాటలు ఆగవు. అవన్నీ రజని మోసేది. "చాయ్ పెట్టిన, తాగి సావుమను" అని వంటింట్లో బయలుదేరిన మాట, నడవ దాటి మగ్గం దగ్గరికి చేరేసరికి "మామా, చాయ్ చల్లారుతుంది, అత్తమ్మ తాగుమంటుంది" అయ్యేది. "కూరల ఉప్పు డబ్బా ఒలకవోసిందా? మీ అత్త నాలికె మొద్దువారింది" అని ఇటు నుంచి పోయిన మాట, "కూర మంచిగుందట అత్తమ్మా, రేపు జర ఉప్పు తక్కువెయ్యిమన్నడు" అని అటు చేరేది. ఎవరూ అడగని కుశలం కూడా రజని తనే కలిపేది. రోజూ మధ్యాహ్నం మగ్గం దగ్గరికి పోయి, "తిన్నవా అని అత్తమ్మ అడుగుతుంది మామా" అనేది. ఆయన జవాబు చెప్పేవాడు కాదు. కానీ ఆ తర్వాత కొద్దిసేపు నాడె నెమ్మదిగా నడిచేది. రజని దాన్ని చెవులతో గమనించేది.

ఆమె లేని రోజున ఈ పని ఎవరు చేయాలన్న దానికి భర్త నరేందర్ ఉపాయం తెచ్చాడు. అతనికి పాత బస్టాండు దగ్గర ఫోన్ల రిపేరు దుకాణం ఉంది. గుప్పెట్లో పట్టే రెండు నల్లటి డబ్బాలు తెచ్చి, ఒకటి మగ్గం గుంజకు కట్టాడు.

"గిది ఉత్త రేడియో కాదు నాయినా. దీంట్ల తెలివుంటది. నువ్వు చెప్పింది ఇని, సమజ్ చేసుకొని, అవతలి డబ్బాల అమ్మకు చెప్తది. అచ్చం మనిషి లెక్కనే."

బాలకిష్టయ్య నేత ఆపకుండానే అడిగాడు. "మనిషి లెక్కనా? అలుగుతదా?"

"డబ్బా అలుగుడేంది నాయినా?"

"మరి ఏం మనిషిరా? అలుగుడు రానిదానికి మనిషి తెలివి యాడికెళ్లి వస్తది?"

"అలుగుడు తెలివా?"

"మీ అమ్మనడుగు."

నరేందర్ రెండో డబ్బాను వంటింటి గూట్లో పెట్టబోయాడు. యాదమ్మ దాన్ని పైకీ కిందికీ చూసింది. "దీనికి ఆకలైతదా?"

"కాదమ్మా."

"ఎవలన్న సస్తే ఏడుస్తదా?"

"ఏడ్వది."

"అయితే మీ నాయిన లెక్కనే. ఆడనే పెట్టు."

డబ్బాకు మనిషి తెలివి ఉందా లేదా అన్నది రజనికి పట్టలేదు. సాయంత్రం దాకా కోడలి తెలివి ఉంటే చాలు. నరేందర్ దుకాణానికి వెళ్లిపోయాక ఆమె రాట్నం పక్కన పెట్టి, జడ వేసుకోవడం మొదలుపెట్టింది. అప్పుడే మగ్గం గుంజ మీద నుంచి ఒక ఆడగొంతు, వార్తలు చదివినట్టుగా పలికింది.

"బాలకిష్టయ్య గారూ, యాదమ్మ గారి సందేశం. చాయ్ పెట్టాను, తాగి చావండి."

బాలకిష్టయ్య చేతిలోని నాడె ఒక పోగు తప్పింది. "ఏమన్నది? నన్ను సావుమన్నదా?"

"అవును. మళ్లీ వినిపించమంటారా?"

"ఆమెకు చెప్పు. నేను సావ. ఆమెను సాగనంపినంకనే పోత."

"అలాగే," అంది డబ్బా వినయంగా. మరుక్షణం వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. అది జారి పడిన చప్పుడు కాదు, విసిరితే పడిన చప్పుడు.

రజని సగం జడతో పరుగెత్తుకొచ్చింది. బాలకిష్టయ్య డబ్బాను వేలితో చూపిస్తూ, "ఏందమ్మా గిది? మీ అత్త దినాం చాయ్ చల్లారుతుందని గద చెప్పిపంపేది?" అన్నాడు.

"అది కొత్తది మామా. ఇంగ మన మాట దానికి అలవాటు కాలే," అంది రజని. గడియారం చూసింది. డబ్బా దగ్గరికి వంగి గొంతు తగ్గించింది. "గట్ల ఉన్నదున్నట్టు చెప్పొద్దు. జర మెత్తగ చెప్పు. ప్రేమతోని చెప్పినట్టు చెప్పు. సమజైందా?"

"అర్థమైంది రజని గారూ. ఇకపై ప్రేమతో చెబుతాను."

మూడేళ్లుగా తాను నేర్చుకున్న విద్యనంతా ఆ నాలుగు ముక్కల్లో అప్పజెప్పేసి, రజని సంచి తీసుకుని బస్సు ఎక్కింది.

ఆ తర్వాత ఇంట్లో జరిగింది ఆమె చూడలేదు. నలుగురూ నాలుగు రకాలుగా చెప్పింది అతికించుకుంటే తేలింది ఇది.

యాదమ్మ పొయ్యి ముందు వంగి లేవబోతే నడుము పట్టేసింది. ఆ కోపం గూట్లోని డబ్బా మీద తీర్చుకుంది. "గాయనకు చెప్పు. ఎన్నేండ్లని వండిపెట్టాలె? నా నడుము పడిపోయింది. ఇంగ నాతోని కాదు. ఆయన తిప్పలేందో ఆయన్నే సూసుకోమను."

మగ్గం దగ్గరి డబ్బా దీన్ని ప్రేమతో చెప్పింది. "బాలకిష్టయ్య గారూ, ఇన్నేళ్లు మీకు వండిపెట్టడం తన అదృష్టమని యాదమ్మ గారు అంటున్నారు. ఆ అదృష్టం ఇక ఎక్కువ కాలం ఉండదేమోనని బాధపడుతున్నారు. తాను లేకపోయినా మీరు జాగ్రత్తగా ఉండాలట."

బాలకిష్టయ్య డబ్బా వైపు తిరిగాడు. పెళ్లయిన నాటి నుంచి యాదమ్మను ఎరిగినవాడాయన. ఒంట్లో బాగున్న యాదమ్మ నోట ఇలాంటి మాట రాదు. పోయిన వారం కోడలు ఆమెను దవాఖానకు తీసుకుపోయింది. మోకాళ్ల నొప్పులని చెప్పారు. మోకాళ్లు నొచ్చిన మనిషి ఇలా మాట్లాడుతుందా?

"దవాఖానల ఏమన్నరో అడుగు," అన్నాడు.

వంటింట్లో యాదమ్మ మూతి తిప్పింది. "ఏమంటరు? ఈ మనిషి ఇంట్ల ఉన్నన్ని దినాలు నా నొప్పులు తక్కువ కావన్నరు. గట్లనే చెప్పు."

"డాక్టర్లు ఇక తగ్గదన్నారట," అంది ఇవతలి డబ్బా. "అయినా మీరు ఇంట్లో ఉన్నారన్నదే తనకు ధైర్యమట."

బాలకిష్టయ్య నాడె కింద పెట్టాడు. మగ్గం ఆగింది.

రెండు గదులు, ఒక నడవ దాటి వెళ్లి "ఏమైందే?" అని అడిగితే సరిపోయేది. కానీ మొదట ఎవరు మాట్లాడాలన్నది మూడేళ్లుగా తేలలేదు. అందుకని ఆయన అయిజలో ఉన్న చెల్లెలు జోగులమ్మకు ఫోన్ చేశాడు. "మీ వదినె ఇంగ ఎక్కువ దినాలు ఉండదంటుందే. వచ్చి సూసిపో" అన్నాడు. అటు జోగులమ్మ ఏడుపు అందుకుంది. ఫోన్ పెట్టడం మరిచిపోయి చాలాసేపు అలాగే ఏడ్చింది.

పక్కింటి పెంటమ్మ తన మగ్గం మీద ఉండి చెవి ఆనించి వింది. గోడకవతల చప్పుడు లేదు. పండుగ కాదు, అమావాస్య కాదు. సొంత బామ్మర్ది పోయిననాడు ఆగని మగ్గం ఈ రోజు ఆగిందంటే పోయింది ఇంటి మనిషే అయి ఉండాలి. ఆమె తన మగ్గం ఆపేసింది. పెంటమ్మ మగ్గం ఆగడం విని ఎదురింటివాళ్లు ఆపారు. వాళ్లను విని ఆ పక్కవాళ్లు. తూనీగలు వాలినట్టు ఒక్కొక్క ఇల్లూ నిమ్మళించి, కాసేపటికి వీధి మొత్తం చప్పుడు లేకుండా పోయింది.

ఆ నిశ్శబ్దం వంటింట్లోకీ వచ్చింది. యాదమ్మ గరిటె కింద పెట్టింది. "ఎవలో పోయిన్రు. ఎవలో అడుగు."

"ఎవరు దూరమైనా మీరు మనసు గట్టి చేసుకోవాలని యాదమ్మ గారు కోరుకుంటున్నారు," అంది ఇవతలి డబ్బా.

బాలకిష్టయ్య ఇక ఆపుకోలేక బావురుమన్నాడు. ఏడుస్తూనే చెప్పాడు. "జోగులమ్మకు కబురు చేసిన. ఆటోల వస్తుంది. అందాక జర ఓపిక పట్టుమను."

"జోగులమ్మ గారిని ఆటోలో తీసుకొస్తున్నారు. మీరు గుండె దిటవు చేసుకోవాలని బాలకిష్టయ్య గారు కన్నీళ్లతో చెబుతున్నారు," అంది అవతలి డబ్బా.

ఆ మనిషి ఏడుపును యాదమ్మ తన జన్మలో మొదటిసారి విన్నది. ఆయనకు ఉన్నది ఒక్క చెల్లెలు. ఆటోలో తీసుకొస్తున్నారంటే ఇంకేముంది? నడుము నొప్పి మరిచిపోయి నేల మీద కూలబడి, "నా ఆడిబిడ్డ పాయెనో" అని రాగం అందుకుంది. ముందుగదిలో ఒక ఏడుపు, వెనక గదిలో ఒక ఏడుపు. నడవ ఖాళీగా ఉంది.

పెంటమ్మ నరేందర్‌కు ఫోన్ చేసింది. "మీ ఇంట్ల మగ్గం ఆగింది బిడ్డా. మీ నాయిన ఏడుస్తుండు." నాయిన ఏడుస్తున్నాడంటే పోయింది ఎవరో నరేందర్‌కు వేరే చెప్పనక్కర్లేదు. అతను దుకాణం షట్టరు దించుతూ రజనికి ఫోన్ చేసి, ఇంటికి పోకుండానే పాడె సామాన్లు కొనడానికి బజారుకు పరుగెత్తాడు.

వనపర్తిలో రజని అప్పటికి బోర్డు మీద భిన్నాలు చెబుతోంది. పాఠం బాగానే సాగుతోంది. వెనక బెంచీ పిల్లలు కూడా గట్టిగా జవాబు చెబుతున్నారు. హెడ్‌మిస్ట్రెస్ రెండుసార్లు తల ఊపింది. మోగుతున్న ఫోన్‌ను రజని కట్ చేసింది. మళ్లీ మోగింది. మూడోసారి ఎత్తింది. సుద్దముక్క బల్ల మీద పెట్టి, భిన్నాన్ని సగంలో వదిలేసి, "మా అత్తమ్మ పోయిందట మేడం" అని ఏడుస్తూ బయటికి పరుగెత్తింది.

బస్సు పెబ్బేరు దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన ఎక్కింది. కిటికీలోంచి నీళ్లు చూస్తూ ఏడుస్తుంటే రజనికి ఎక్కడి నుంచో ఒక ఆలోచన వచ్చింది. ఇక రేపటి నుంచి మోయాల్సిన మాటలు ఉండవు. ఆ ఆలోచనకు ముందు కాస్త ఊపిరి ఆడినట్టయింది. వెంటనే ఒళ్లంతా సిగ్గు పాకింది. ఆ తర్వాత అత్త కోసం ఎంత ఏడ్చిందో తన కోసం కూడా అంతే ఏడ్చింది.

వీధి మొగదలకు చేరేసరికి ఒక్క మగ్గం చప్పుడు లేదు. అదే సమయానికి అయిజ ఆటో వచ్చి ఆగింది. దారిలో మల్దకల్ తిమ్మప్ప గుడి దగ్గర దిగి మొక్కుకొని రావడంతో జోగులమ్మకు ఆలస్యమైంది. ఆమె రజనిని కావలించుకుని, "ఎంత మంచి వదినె నాకు! పాయెనా బిడ్డా!" అని రాగం ఎత్తుకుంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని వీధి పొడవునా ఏడుస్తూ నడిచారు. ఇంటి ముందు అరుగు మీద ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. పెంటమ్మ చేతిలో బంతిపూల దండ. ఇంట్లో రెండు ఏడుపులు వినిపిస్తున్నాయి కనుక, లోపలివాళ్లకు తీరిక దొరికాక పోదామని అంతా మర్యాదగా ఎదురుచూస్తున్నారు.

ఆటో చప్పుడు విని లోపలి నుంచి యాదమ్మ గుండెలు బాదుకుంటూ బయటికి వచ్చింది. "నా ఆడిబిడ్డను తెచ్చిన్రా! ఒక్కసారి మొకం సూపియ్యుండ్రి!"

జోగులమ్మ మొహం ఎదురుగానే ఉంది.

ఇద్దరూ నోరు తెరిచి చూసుకున్నారు. ఏడుపు పట్టుకున్న ఊపు అంత తొందరగా ఆగేది కాదు కనుక, ఇంకో రెండు చరణాలు ఒకరి మొహం ఒకరు చూస్తూనే ఏడ్చారు. ముందు యాదమ్మకు రాగం తెగింది. "నువ్వు సావలేదానే?"

"నేనెందుకు సస్త వదినె? సచ్చింది నువ్వు గద!"

పెంటమ్మ దండను వెనక్కి దాచుకుని, మెల్లగా లోపలికి పోయి దేవుడి పటానికి వేసి వచ్చింది.

అందరికంటే ఎక్కువ తల కొట్టేసినట్టయింది, పాడె సామాన్లతో అప్పుడే వచ్చిన నరేందర్‌కు. అతను మగ్గం గుంజ మీది డబ్బాను పట్టుకుని, "నువ్వు ఎవలకేం చెప్పినవ్?" అని నిలదీశాడు. డబ్బాకు దాపరికం లేదు. యాదమ్మ ఏమన్నదీ, దాన్ని తాను ఎలా చెప్పిందీ, బాలకిష్టయ్య ఏమన్నదీ, దాన్ని ఎలా మార్చిందీ, ఒక్కటి కూడా వదలకుండా వరుసగా ఒప్పజెప్పింది. ఇంటి నిండా జనం. చివర్లో, "ప్రేమతో చెప్పమని రజని గారు కోరారు. అలాగే చెప్పాను," అని ముగించింది.

అరుగు మీద ఎవరో నవ్వారు. ఇంకెవరో వాళ్లను గిల్లారు. బాలకిష్టయ్య మాత్రం నవ్వలేదు. ఆయన కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. కోడలి వైపు తిరిగాడు.

"డబ్బా సంగతి సరే. ఇన్ని దినాలు నువ్వు చెప్పినవేంది బిడ్డా?"

రజని తల వంచుకుంది.

"దినాం అడుగుతుంది అంటివి గద. తిన్నవా అని."

యాదమ్మ తలుపు పట్టుకుని నిలబడి, ఎవరితోనో అన్నట్టు మెల్లగా అంది. "నా మోకాళ్లు ఎట్లున్నయని మామ అడిగిండని నాకూ చెప్పింది. అదీ గంతేనా?"

జనం ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. జోగులమ్మ ముక్కు తుడుచుకుని, తిమ్మప్పకు మొక్కిన మొక్కు ఇప్పుడు చెల్లించాలా వద్దా అని గొణుక్కుంటూ ఆటో ఎక్కింది. రజని ఫోన్ మోగింది. బడి హెడ్‌మిస్ట్రెస్.

"మీ అత్తగారి సంగతి ఏమైందమ్మా?"

"బతికే ఉంది మేడం."

"మంచిదే. కానీ మళ్లెప్పుడు సస్తదో చెప్పలేం గద. మేం వేరే ఆమెను తీసుకున్నం."

రజని సంచి తీసుకుపోయి మళ్లీ మేకుకు తగిలించింది.

యాదమ్మ నడవ దాటి ముందుగదిలోకి వచ్చింది. మూడేళ్లలో ఆమె మగ్గం దగ్గరికి రావడం అదే మొదలు. మగ్గం మీద చేయి వేసింది. పలక మీద తన సగం ఖాళీగానే ఉంది. దాని మీద దుమ్ము కూడా లేదు. ఎవరో రోజూ తుడుస్తున్నట్టుంది. ఆమె భర్త మొహంలోకి చూసి, నడుమ ఎవరూ లేకుండా అడిగింది.

"నా తమ్ముడు సచ్చిననాడు జానెడు కొంగు కోసం ఆపకపోతివి. ఇయ్యాల ఒక డబ్బా అబద్ధం చెప్తే ఆపినవా?"

బాలకిష్టయ్య ఏం చెప్పాలో వెతుక్కున్నట్టు మగ్గాన్ని చూశాడు, పలకను చూశాడు, కోడలిని చూశాడు. గుంజ మీది తువ్వాల తీసి భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని, ఒక్క మాట లేకుండా ఇల్లు దాటి వెళ్లిపోయాడు.

వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే మళ్లీ మొదలయ్యాయి. ఈ ఇంట్లోది మొదలవలేదు. రజని వంటింట్లో కంచం పెట్టి, పొద్దుటి అన్నం వడ్డించింది. యాదమ్మ కంచం ముందు కూర్చుంది కానీ చేయి పెట్టలేదు. కొంతసేపటికి గూటి వైపు చూసి అడిగింది.

"పోయేటప్పుడు ఏమన్నడు?"

"బాలకిష్టయ్య గారు ఏమీ అనలేదు," అంది డబ్బా.

యాదమ్మ గూటి మీది నుంచి చూపు తిప్పి రజని వైపు చూసింది. అలాగే చూస్తూ ఉంది.

రజని ఆమె కంచంలో పప్పు వేసింది. "జర సేపట్ల వస్త, అందాక నువ్వు తినుమని చెప్పిండు అత్తమ్మా."

యాదమ్మ కంచం దగ్గరికి లాక్కుని మొదటి ముద్ద కలుపుకుంది.

"క్షమించండి, ఆ మాట నాకు వినబడలేదు," అంది గూట్లోని డబ్బా.